ఆట పిల్లల హక్కు, జామీను కాదు

నెల్లూరు తీరంలో ఏ పాళెంలో ఆటల పోటీలు పెట్టినా, ఎవరు పెట్టినా, బ్యానరు మీద దాదాపు ఒకటే మాట కనిపిస్తుంది. "యువతను చెడుమార్గం నుంచి మళ్లించేందుకు" అనో, "నేరప్రవృత్తిని అరికట్టేందుకు" అనో రాస్తారు. వేదిక మీద ఒక అధికారి, ఒక నాయకుడు, ఒక దాత. కింద ఇసుకలో రెండు వాలీబాల్ జట్లు. చివర్లో కప్పు, ఫోటో. మన సంస్థలు కూడా ఈ మాటలే ప్రాజెక్టు కాయితాల్లో రాస్తున్నాయి. నిధులిచ్చేవాళ్లకి ఈ మాట నచ్చుతుంది కాబట్టి మనకీ అలవాటైపోయింది.

నేను ఆటలకి వ్యతిరేకిని కాను. ప్రతి పాళెంలోనూ, ప్రతి గిరిజన కాలనీలోనూ ఆటస్థలం ఉండాలని అడిగేవాళ్లలో నేనూ ఒకతెను. నా అభ్యంతరమంతా ఆ బ్యానరు మీది మాటతోనే. అది చిన్న మాట కాదు. ఎవరికి ఆట ఇవ్వాలి, ఎందుకివ్వాలి, ఎవరికి అక్కర్లేదు అన్నది ఆ మాటే నిర్ణయిస్తోంది. దాని వెనక నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర మన జిల్లా గడప ముందే జరిగింది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రంలో అమలుకు తెచ్చింది. ఒక మనిషి నేరం చేశాడా లేదా అని ఆ చట్టం అడగదు. ఏ కులంలో పుట్టాడని అడుగుతుంది. పేరు రాసుకుంటుంది, వేలిముద్ర తీసుకుంటుంది, ఊరు దాటాలంటే పాసు తీసుకోమంటుంది, వేళకి హాజరు పలకమంటుంది. అంతటితో ఆగలేదు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారాన్ని కూడా ప్రభుత్వానికిచ్చింది. పిల్లవాడు ఏ తప్పూ చెయ్యలేదు. రేపు చేస్తాడేమోనన్న అనుమానం చాలు. "ప్రమాదంలో ఉన్న యువత" అని ఇప్పుడు మనం మెత్తగా అంటున్నదానికి మొదటి చట్టరూపం అదే.

మన తీరాన ఈ దెబ్బ ఎక్కువగా తగిలింది ఎరుకల వాళ్లకి. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పుని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని మెట్ట ప్రాంతాలకి తీసుకెళ్లి, తిరుగు దారిలో ధాన్యం తెచ్చిన వర్తకులు వాళ్లు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, రైలు వచ్చింది. వాళ్ల వ్యాపారం పోయింది. బతుకుతెరువు పోగొట్టినవాళ్లే వాళ్లని దొంగలన్నారు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఇటు కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికి మరొకటి ఇచ్చారు. బిట్రగుంట పక్కనున్న కప్పరాళ్లతిప్ప కూడా ఆ కోవలోదే. సంస్కరణ పేరుతో అక్కడ జరిగిందేమిటంటే, పారిపోవడానికి వీల్లేని కూలీలు తక్కువ కూలికి దొరికారు. ఆడవాళ్లూ పిల్లలూ కూడా ఆ కూలీల్లో ఉన్నారు.

ఇంకొక సంగతి చెప్తాను. ఆటలతో నేరాన్ని తగ్గిద్దామనే పెద్దలు దీన్ని వినాలి. ఆ చట్టం కింద నేరస్థులుగా ముద్ర పడ్డ కులాల్లో దొమ్మర వాళ్లు ఉన్నారు. గడ మీద ఎక్కి, తాడు మీద నడిచి, గాలిలో పల్టీలు కొట్టి ఊరూరా ఆడి బతికినవాళ్లు. ఆడపిల్లలే గడ చివరికెక్కి ఆడేవాళ్లు. ఇవాళ జిమ్నాస్టిక్స్ అంటున్న విద్య వాళ్లకి కులవృత్తి. అంత ఆట తెలిసిన జనాన్ని ఆట నేరం నుంచి కాపాడలేదు. సర్కారు వాళ్ల ఆటనే నేరంగా చూసింది. ఊళ్లో జనం వాళ్ల పేరునే తిట్టుగా మార్చారు. కాబట్టి సమస్య ఎప్పుడూ ఆట లేకపోవడం ఒక్కటే కాదు. ఎవరి ఆట, ఎవరి ఒళ్లు, ఎవరి కులం అన్నది ముందు తేలాలి.

నెల్లూరు జిల్లా మనిషే అయిన వెన్నెలకంటి రాఘవయ్య ఈ చట్టం రద్దు కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. యానాదుల మధ్య, ఎరుకల మధ్య తిరిగి సంఘాలు కట్టారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం రద్దయింది. 1952లో దేశమంతటా పోయింది. కానీ ఒక చేత్తో తీసేసినదాన్ని ఇంకో చేత్తో తెచ్చారు. అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి. మన రాష్ట్రంలో 1962లో చేశారు. ఇలాంటి చట్టాన్ని రద్దు చెయ్యమని ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ 2007లో భారత ప్రభుత్వాన్ని అడిగింది. జైళ్లలో కులాన్ని బట్టి పని అప్పగించే నియమాలనూ, విముక్త జాతుల వాళ్లని పుట్టుకతోనే నేరస్వభావులుగా చూసే నియమాలనూ సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టేసింది. అంటే స్వతంత్రం వచ్చిన డెబ్భై ఏడేళ్లకి కూడా ఆ మాటలు జైలు పుస్తకాల్లో బతికే ఉన్నాయన్నమాట. "కేడీ" అని మనం తేలిగ్గా తిట్టుకునే మాట కూడా పోలీసు రికార్డులోంచి ఊళ్లోకి వచ్చిందే.

ఈ నేపథ్యంలో స్టువర్టుపురం కుర్రవాడి గెలుపు చూద్దాం. రాగాల వెంకట రాహుల్ 2014లో నాన్జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగులో రజతం తెచ్చాడు. 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ ఆటల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలెత్తి స్వర్ణం గెలిచాడు. సంతోషించని తెలుగువాళ్లు లేరు. కానీ మన పత్రికలు ఏం రాశాయో గుర్తుందా? దొంగల ఊరి నుంచి బంగారు పతకం అన్న తీరులో రాశాయి. ఆ కుర్రవాడు ఏనాడు దొంగతనం చేశాడు? చెయ్యని నేరం నుంచి ఆట అతన్ని ఎలా మళ్లించింది? అతను లేపింది ఇనుప బరువు. మనం అతని మీద పెట్టింది వేరే బరువు. వేరే ఊరి పిల్లవాడు పతకం తెస్తే ప్రతిభ అంటాం. స్టువర్టుపురం పిల్లవాడు తెస్తే సంస్కరణ అంటాం. 1991లో ఆ ఊరి పేరు పెట్టి ఒక సినిమా, 2023లో ఆ ఊరి దొంగ పేరు పెట్టి మరో సినిమా వచ్చాయి. పతకం తెచ్చిన కుర్రవాడి పేరు ఎంతమందికి తెలుసు?

రాహుల్ గెలుపు నిజంగా చెప్పేదొకటుంది. అది వేరే సంగతి. పతకం దాకా వెళ్లాలంటే రోజూ తిండి, ఏళ్ల తరబడి నేర్పే గురువు, ఉండడానికి హాస్టలు, చదువు, ఆ చదువు చివర ఒక ఉద్యోగం కావాలి. పండగపూట మూడు రోజుల పోటీ పెట్టి కప్పు చేతికిస్తే అవేవీ రావు. 2023 డిసెంబరు 26న మొదలైన "ఆడుదాం ఆంధ్రా" పోటీలు సచివాలయం స్థాయి నుంచి రాష్ట్రస్థాయి దాకా సాగాయి. ఆడపిల్లలకీ జట్లు పెట్టారు, ఆ మేరకు మంచిదే. కానీ పోటీ వేరు, శిక్షణ వేరు. పోటీ అయిన మర్నాడు ఆ పిల్లలు ఎక్కడ ఆడాలి, ఎవరు నేర్పాలి అన్న ప్రశ్నకి జవాబు పోటీలో ఉండదు.

ఎదుటివాళ్ల వాదనలో నిజం లేదని నేననను. సాయంత్రం ఖాళీగా ఉన్న పదిహేనేళ్ల కుర్రవాడికి మైదానంలో రెండు గంటలు గడిస్తే మంచిదే. పేరుపెట్టి పిలిచే పెద్దవాళ్లు ఒకరుంటే, రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లుంటే ఇంకా మంచిది. రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలాకి వెళ్లి బడి మానేసిన పిల్లలు మన తీరంలో ఉన్నారు. వాళ్లకి ఆట కావాలి. అయితే ఆట ఒక్కటే ఏం చేస్తుంది, దేనితో కలిస్తే పనిచేస్తుంది అని అడగాలి.

అమెరికాలో 1986లో మేరీల్యాండ్ రాష్ట్రంలో అర్ధరాత్రి బాస్కెట్‌బాల్ అని మొదలుపెట్టారు. 17 నుంచి 21 ఏళ్ల కుర్రాళ్లకి రాత్రి పది దాటాక ఆట. ఆట దగ్గర యూనిఫాంలో పోలీసులు ఉండాలన్నది నియమం. ఎవరికోసం పెట్టారో అందరికీ తెలుసు, నల్లజాతి పిల్లల కోసం. 1994లో నేర నియంత్రణ చట్టం మీద చర్చలో ఈ బాస్కెట్‌బాల్‌ని వెక్కిరించనివాళ్లు తక్కువ. అదే చట్టం జైళ్లకి 900 కోట్ల డాలర్లకి పైగా కేటాయించింది. బంతికి చిల్లర, జైలుకి మూట. ఆడపిల్లలకి ఆ పథకంలో చోటే లేదు, ఎందుకంటే వాళ్ల వల్ల ఎవరికీ భయం లేదు.

దీనికి భిన్నంగా కెన్యాలో మథారే అనే మురికివాడలో 1987లో మొదలైన యువజన క్రీడాసంఘం చూడండి. అక్కడ వాడలో చెత్త ఎత్తిన జట్టుకి లీగులో పాయింట్లు కలుపుతారు. పిల్లలే సంఘం నడుపుతారు. ఆడపిల్లల జట్లు కూడా పెట్టారు. మన దేశంలో జార్ఖండ్‌లో రాంచీ దగ్గర 2009లో యువ అనే సంస్థ ఆడపిల్లలకి ఫుట్‌బాల్ మొదలుపెట్టింది. బాల్యవివాహానికి ఎదురునిలిచే ధైర్యం, బడి, చదువు ఫుట్‌బాల్‌తో కలిపి నడిచాయి. ఆ అమ్మాయిలని ఎవరూ నేరస్థులు కాబోయేవాళ్లుగా చూడలేదు. ఆటకి ఒక సంఘం, ఒక బడి, ఒక నమ్మకమైన మనిషి తోడుంటే ఫలితం ఉంటుంది. ఆటకి పోలీసు రిజిస్టరు తోడైతే అది హాజరు పలకడమే అవుతుంది. పాత సెటిల్‌మెంటులో చెట్టు కింద నిలబెట్టి పేరు పిలిచేవాళ్లు, ఇప్పుడు నెట్టు ముందు నిలబెట్టి పిలుస్తారు.

ఒకసారి నేను వెళ్లిన కాలనీలో, పేరు చెప్పను, ఒక తల్లి నన్ను పక్కకి పిలిచి అడిగింది. "ఏందక్కా, మావోడు దొంగతనం మానేసి బంతాడతన్నాడని బోర్డు రాయించినారు. మావోడు యెప్పుడు చేసినాడంట దొంగతనం?" ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సినవాళ్లు వేదిక మీద లేరు, అప్పటికే జీపెక్కి వెళ్లిపోయారు.

ఇక ఆడపిల్లల సంగతికి వస్తాను. నా కోపానికి అసలు కారణం ఇదే.

నేరం జరుగుతుందన్న భయం ఉన్నచోటికే డబ్బు వెళ్తోంది. మగపిల్లవాడు రోడ్డు మీద ఉంటే రాజ్యానికి భయం, కాబట్టి వాడికి బంతి. ఆడపిల్ల ఇంట్లో ఉంటుంది, ఎండుచేపలు ఆరబెడుతుంది, తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది, రొయ్యల తలలు వొలిచే షెడ్డుకి వెళ్తుంది. ఆమె వల్ల ఎవరికీ శాంతిభద్రతల సమస్య లేదు. కాబట్టి ఆమెకి ఏమీ అక్కర్లేదు. చదువు మానిపించినా, పదహారేళ్లకి పెళ్లి చేసినా, మొగుడు తాగొచ్చి కొట్టినా ఆమె "ప్రమాదంలో ఉన్న యువత" లెక్కలోకి రాదు. ఎదుటివాళ్లకి ప్రమాదం అయితేనే ప్రమాదం, తనకి ప్రమాదం అయితే కాదు! ఇది పితృస్వామ్యపు లెక్క కాకపోతే ఏమిటి? మగపిల్లల మీద అనుమానమూ, ఆడపిల్లల మీద నిర్లక్ష్యమూ ఒకే కాయితం మీద రాసిన రెండు పంక్తులు.

ఇంకా విచిత్రం ఏమిటంటే, ఈ పోటీల పేరుతో ఊళ్లో ఉన్న ఒక్క ఖాళీ స్థలం కూడా మగపిల్లల సొంతమవుతుంది. అంతకుముందు సాయంత్రాలు అక్కడ తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలు, ఒప్పులకుప్ప తిరిగే పిల్లలు ఇంటి అరుగు మీదకి చేరతారు. నెట్టు కట్టిన చోటికి వాళ్లు రాకూడదు. రజస్వల అయితే అరుగు కూడా ఉండదు.

ఆడపిల్లలకి చేతకాదనే మాట మన రాష్ట్రంలో ఎవరూ అనడానికి వీల్లేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమే. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగుని ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది కూడా ఆ ఏడే. మగవాళ్లకి 1896 నుంచే ఉంది. నూట నాలుగేళ్లు ఆపి, తలుపు తీసిన రోజే మన తీరపు పిల్ల లోపలికెళ్లి పతకంతో వచ్చింది. ఇక్కడ ఎన్ని తలుపులు ఎన్నాళ్లుగా మూసున్నాయో ఊహించుకోండి.

తలుపు తీస్తే సరిపోదు, లోపల భద్రత ఉండాలి. 2023లో దేశం గర్వించే మల్లయోధురాళ్లు లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు చేసి ఢిల్లీ జంతర్ మంతర్‌లో నెలల పాటు పోరాడాల్సి వచ్చింది. ఒలింపిక్ పతకం ఉన్న స్త్రీకే అంత కష్టమైతే మన పాళెం పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013లో స్టేడియాన్నీ క్రీడాసంస్థనీ కూడా పనిస్థలంగానే చెప్పారు. 2012 పోక్సో చట్టం ఉండనే ఉంది. మన ఊళ్లలో పోటీలు పెట్టేవాళ్లలో ఎంతమంది ఫిర్యాదు కమిటీ పెట్టారో అడగండి.

నేరం తగ్గించడం గురించి నెల్లూరు ఆడవాళ్లకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకొట్టు మూయించారు. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడిలో కూర్చున్నవాళ్లు తమ బతుకుల గురించి మాట్లాడుకుని లేచి వెళ్లి చేసిన పని అది. జిల్లాలో సారా వేలంపాటలు వాయిదాలు పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. అప్పటి నుంచి ప్రభుత్వాలు మారాయి, అమ్మే పద్ధతులు మారాయి, మద్యం ఆదాయం మాత్రం వదలలేదు. ఊరి చివర మందు దుకాణానికి అనుమతిచ్చి, ఊరి మధ్య బంతి పంచి, కుర్రాళ్లని చెడు నుంచి మళ్లిస్తున్నామంటే మనం నమ్మాలా? ఉప్పు పోగొట్టి దొంగలన్నవాళ్లకీ, మందు పోసి బంతిచ్చేవాళ్లకీ తేడా ఏమిటి?

అందుకే నేను చెప్పేది ఇది. ఆటని దానంగా, మందుగా, నిఘాగా అడగొద్దు. హక్కుగా అడుగుదాం. దానికి ఆధారాలు మన చేతిలోనే ఉన్నాయి. పిల్లల హక్కుల ఒడంబడిక 31వ అధికరణ ఆటని హక్కు అంది, 1992లో మన ప్రభుత్వం దాన్ని ఒప్పుకుంది. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒడంబడిక 10వ అధికరణ క్రీడల్లో స్త్రీలకి సమాన అవకాశం ఉండాలంది, 1993లో దానినీ ఆమోదించింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం, ఆట వస్తువులు ఉండాలని రాశారు. వీటిలో ఏ ఒక్కటీ పిల్లవాడు నేరం చేసే రకమా కాదా అని అడగదు.

మనం పట్టుకోవాల్సిన కోర్కెలు ఇవి:

ఒకటి, ఏ ఊరికీ ఏ కులానికీ నేరంతో ముడిపెట్టే మాట ఆటల బ్యానర్ల మీద, ప్రాజెక్టు కాయితాల మీద, ముందుగా మన కాయితాల మీద, ఉండకూడదు.

రెండు, తీరంలో ప్రతి బడికీ చట్టం చెప్పిన ఆటస్థలం ఉందో లేదో మన సంఘాలే లెక్క తియ్యాలి. లేనిచోట అడగాలి, ఆక్రమించినచోట విడిపించాలి.

మూడు, ఉన్న మైదానంలో వారానికి సగం సాయంత్రాలు ఆడపిల్లలవి. మిగిలిన వేళల్లో కాదు, చీకటిపడ్డాక కాదు, వెలుగున్నప్పుడే. మరుగుదొడ్డి, నీళ్లు, ఆడ శిక్షకురాలు తప్పనిసరి.

నాలుగు, ఆడుకునే పిల్లల పేర్ల జాబితా పోలీస్ స్టేషనుకి వెళ్లకూడదు. పోలీసులు ఆడాలనుకుంటే యూనిఫాం తీసి వచ్చి ఆడొచ్చు.

ఐదు, ప్రతి పోటీకీ, ప్రతి శిక్షణకీ ఫిర్యాదు కమిటీ ఉండాలి, దాని పేర్లు మైదానం గోడ మీద రాసి ఉండాలి.

ఆరు, ఎరుకల, యానాది, పట్టపు పిల్లలకి క్రీడా హాస్టళ్లలో సీట్లు, కడుపునిండా తిండి, చదువు. ఏడాదికొక కప్పు వద్దు.

ఇవి పెద్ద కోర్కెలని కొందరంటారు. కలెక్టరు దగ్గర, పంచాయతీ దగ్గర, నిధులిచ్చేవాళ్ల దగ్గర వీటిని అడిగితే "ముందు మగపిల్లల సమస్య తేలనివ్వండమ్మా" అంటారు. సారా పోరాటంలోనూ ముందు వేరే సమస్యలు తేలాలనే అన్నారు. మన ఆడవాళ్లు ఆగలేదు కాబట్టే అది తేలింది.

రాబోయే మూడు నెలల్లో మీ మీ మండలాల్లో ఎన్ని బడులకి ఆటస్థలం ఉంది, వాటిలో ఎంతమంది ఆడపిల్లలు ఆడుతున్నారు, మీ ఊరి బ్యానర్ల మీద ఏం రాసి ఉంది అన్నది చూసి రాయండి. ఆ వివరాలన్నీ ఒకచోట చేర్చి జిల్లా అధికారుల ముందు పెడదాం. మన పిల్లలు ఆడుకోవడానికి మంచివాళ్లమని ముందుగా రుజువు చేసుకోనక్కర్లేదని, అది ఎవరి దయా కాదని అక్కడే చెబుదాం.